తిరిగి వెళ్లడమే ఆమెకు అడ్డమైంది

లండన్‌లో మేఫెయిర్ మనలాంటివాళ్లకు పెద్దగా పనుండే పేట కాదు. ఇండియా నుంచి చుట్టాలొస్తే పార్కు చూపించి, ఆ పక్క వీధుల్లో ఓ చుట్టు తిప్పి తీసుకొచ్చేస్తాం. ఆ పేటలో చెస్టర్‌ఫీల్డ్ స్ట్రీట్ అని ఓ చిన్న వీధి ఉంది. మూడో నంబరు ఇంటి గోడకి గుండ్రటి నీలం ఫలకం కనిపిస్తుంది. ఇంగ్లిష్ హెరిటేజ్ వాళ్లు 2021లో పెట్టారు. కరోలిన్ నార్టన్ ఈ ఇంట్లో ఉండేదని దాని సారాంశం.

ఆ ఫలకం చూడటానికే నేను పనిగట్టుకుని రెడింగ్ నుంచి రైలెక్కి వెళ్లాను. ఎందుకు వెళ్లానో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి కొంత చెప్పాలి.

కొన్నేళ్ల కిందట ఓ చలికాలం రాత్రి, పదకొండు దాటాక, మా తలుపు కొట్టారు. మాకు బాగా తెలిసిన అమ్మాయి. నన్ను ఆంటీ అని పిలిచేది. బతుకమ్మకీ, ఉగాదికీ మా ఇంటికి వచ్చి వంటలో సాయం చేసేది. ఆ రాత్రి భుజాన హ్యాండ్‌బ్యాగు, చంకలో నిద్రపోతున్న రెండేళ్ల బిడ్డ, ఎడమ కంటి కింద కమిలిన మచ్చ. కోటు వేసుకోలేదు. మేం పాలు కాచి ఇచ్చాం, బిడ్డని పడుకోబెట్టాం. తర్వాత మావారూ నేనూ కలిసి మన పెద్దవాళ్లు చేసే పనే చేశాం. అతనికి ఫోన్ చేసి మందలించాం. అతను ఏడ్చాడు. తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చెయ్యనన్నాడు. తెల్లారాక ఆ అమ్మాయిని మా కారులోనే తీసుకెళ్లి ఆ ఇంట్లో దింపి వచ్చాం. మంచి పని చేశామనుకున్నాం. దారిలో మావారు, ఒక్క దెబ్బకే సంసారం కూల్చుకుంటారా అని కూడా అన్నారు. నేను అవునన్నాను.

ఆమె పేరు, ఊరు, మరికొన్ని వివరాలు ఇక్కడ మార్చేశాను. ఆ వ్యవహారమంతా ముగిసిపోయింది కాబట్టే రాస్తున్నాను. మిగతా కథ తర్వాత చెప్తాను. ఇప్పుడు కరోలిన్ దగ్గరికి వెళ్దాం, ఎందుకంటే నేను చేసిన పని ఎలాంటిదో నాకు తెలిసొచ్చింది ఆమె జీవితం చదివాకే.

కరోలిన్ 1808లో లండన్‌లో పుట్టింది. తాత రిచర్డ్ బ్రిన్స్‌లీ షెరిడాన్ ఇంగ్లిషు నాటకాలు చదివినవాళ్లకి తెలిసిన పేరే. పేరుంది కానీ డబ్బు లేదు. తండ్రి ఉద్యోగం కోసం దక్షిణాఫ్రికా వెళ్లి 1817లో అక్కడే చనిపోయాడు. తల్లి నవలలు రాసింది. ఆ విధవరాలికి హాంప్టన్ కోర్టు ప్యాలెస్‌లో రాజుగారి దయతో కొన్ని గదులు దొరికితే పిల్లల్ని అక్కడ పెంచింది. ముగ్గురు ఆడపిల్లలూ అందగత్తెలే. పెద్దదాని పేరు హెలెన్. ఈ హెలెన్ కొడుకే లార్డ్ డఫరిన్, 1884 నుంచి 1888 దాకా మన దేశానికి వైస్రాయ్. ఉత్తరాది ఊళ్లలో ఇప్పటికీ కనిపించే డఫరిన్ ఆసుపత్రులు ఆయన భార్య పేరు మీద వచ్చినవి. ఆ ఇంటి ఆడవాళ్ల కథ మనకి అంత దూరమేం కాదు.

కట్నం ఇచ్చుకోలేని ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలుంటే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పనక్కర్లేదు. కరోలిన్‌కి పదహారేళ్ల వయసులో, లార్డ్ గ్రాంట్లీ తమ్ముడు జార్జ్ నార్టన్ ఆమెని చూశాడు. ఆమెతో సరిగా మాట్లాడనైనా మాట్లాడకుండా నేరుగా తల్లికి ఉత్తరం రాశాడు, పిల్లని ఇవ్వమని. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మన పెళ్లిచూపుల్లో కనీసం ఉప్మా అయినా పెడతారు. తల్లి కొన్నాళ్లు ఆగమంది. 1827 జులైలో పెళ్లయింది. అమ్మాయికి పందొమ్మిదేళ్లు. అబ్బాయి లాయరు, పార్లమెంటు మెంబరు. కాగితం మీద ఇంతకన్నా మంచి సంబంధం ఏముంటుంది?

రెండు నెలలు గడిచాయి. ఓ రాత్రి అతను ఏదో అభిప్రాయం చెప్పాడు. ఇంత తెలివితక్కువ మాట తానెప్పుడూ వినలేదని ఆమె అంది. అతను ఆమె డొక్కలో తన్నాడు. ఆ నొప్పి రోజుల తరబడి తగ్గలేదు. ఆ రాత్రంతా ఆమె వేరే గదిలో కూర్చుని తెల్లవార్చింది. మరికొన్ని నెలలకి, ఓ డాన్సు పార్టీ నుంచి ఇంటికొచ్చాక, ఆమె బంధువుల అమ్మాయి గురించి అతను చెడ్డగా మాట్లాడాడు. ఈమె ఆ అమ్మాయి తరఫున మాట్లాడింది. అతను మంచం మీద నుంచి లేచి, మెడ వెనక పట్టుకుని నేలకేసి కొట్టాడు. కింది గదిలో ఉన్న అక్కా బావా ఆ చప్పుడుకి పరిగెత్తుకొచ్చారు. లోపల గడియ పెట్టుకుని ఎవర్నీ రానివ్వనని నిలబడ్డాడు. బావ తలుపు బద్దలుకొట్టి ఆమెని మోసుకుని కిందికి తీసుకెళ్లాడు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఇంట్లోవాళ్లకి తెలుసు. మొదటి ఏడాదిలోనే తెలుసు. ఎవరికీ తెలియకుండా నాలుగ్గోడల మధ్య జరిగిన సంగతి కాదు. ఆ తర్వాత కాగే టీ కెటిల్‌ని ఆమె చేతి మీద పెట్టినప్పుడు, గర్భవతిగా ఉన్నప్పుడు కూడా చెయ్యి చేసుకున్నప్పుడు ఎవరూ కొత్తగా ఆశ్చర్యపోయి ఉండరు. ఆమె నోరు మంచిది కాదన్నవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు. నిజమే, ఆమె చమత్కారి. ఎదుటివాడు తెలివితక్కువగా మాట్లాడితే ఊరుకునే మనిషి కాదు. పెద్ద పెద్ద రాజకీయ నాయకులు ఆమె మాటల కోసమే ఆ ఇంటికి వచ్చేవాళ్లు. అయితే మాత్రం? మన ఇళ్లలో కూడా దెబ్బ గురించి మాట్లాడటం మొదలుపెట్టి, పావుగంట తిరిగేసరికి ఆ అమ్మాయి నోటి దురుసు గురించి మాట్లాడుతుంటాం.

ఇల్లు గడిచింది చాలావరకు ఆమె వల్లే. 1829లో మొదటి కవితల పుస్తకం అచ్చయింది. అదే ఏడు పెద్దకొడుకు ఫ్లెచర్ పుట్టాడు. తర్వాత పత్రికలకి సంపాదకత్వం చేసింది, కథలు రాసింది. ఆ డబ్బంతా చట్టం ప్రకారం మొగుడిదే. అతని పార్లమెంటు పదవి 1830లో పోయింది. అప్పుడు తనకి తెలిసిన హోం మంత్రి లార్డ్ మెల్‌బోర్న్‌ని అడిగి మొగుడికి ఉద్యోగం ఇప్పించింది. ఏమి ఉద్యోగమో తెలుసా? తూర్పు లండన్‌లో పోలీసు కోర్టు మేజిస్ట్రేటు, ఏడాదికి వెయ్యి పౌన్ల జీతం. వీధి తగాదాలు, కొట్లాటలు విచారించే కోర్టు అది. పగలు అక్కడ కూర్చుని ఇతరుల కొట్లాటలకి తీర్పు చెప్పేవాడు, రాత్రి ఇంటికొచ్చేవాడు.

1835లో ఓసారి ఆమె ఇల్లు వదిలి పుట్టింటివాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. అతను ఉత్తరాలు రాశాడు, బతిమాలాడు, మారతానన్నాడు. ఆమె తిరిగి వెళ్లింది. అప్పటికి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు కూడా ఇంకా పసివాడే. వెళ్లకేం చేస్తుంది?

మరుసటి ఏడు, 1836 వసంతంలో, ఈస్టర్‌కి ఆమె పిల్లలతో అన్నగారింటికి వెళ్లాలనుకుంది. ఆ పిలుపు అతనికి రాలేదు. దాని మీద గొడవ. ఆమె ఇంట్లో లేనప్పుడు పిల్లల్ని మాయం చేసి, తన మనుషుల దగ్గరికి పంపేశాడు. ఆరేళ్లవాడు, నాలుగేళ్లవాడు, రెండేళ్లవాడు. అంతటితో ఆగలేదు. అప్పటికి ప్రధానమంత్రి అయిన మెల్‌బోర్న్‌కీ తన భార్యకీ సంబంధం ఉందని, తనకి పదివేల పౌన్లు నష్టపరిహారం ఇప్పించమని దావా వేశాడు. భార్య భర్త సొత్తు, ఆ సొత్తుకి నష్టం జరిగింది కాబట్టి సొమ్ము కట్టాలన్నది ఆనాటి దావా. జూన్ 22న వెస్ట్‌మినిస్టర్‌లో విచారణ జరిగింది. ఇరవై నాలుగేళ్ల విలేకరి చార్లెస్ డికెన్స్ ఆ రోజు కోర్టులో కూర్చుని వార్త రాశాడు. పనివాళ్లు వచ్చి ఆమె గురించి ఏవేవో సాక్ష్యాలు చెప్పారు. ఆమెకి మాత్రం నోరు విప్పే హక్కు లేదు. దావా ఇద్దరు మగవాళ్ల మధ్యది, ఆమె అందులో కక్షిదారు కూడా కాదు. జ్యూరీ కూర్చున్నచోటు నుంచి లేవకుండానే కేసు కొట్టేసింది.

ఆమె గెలిచిందనే అనుకుంటాం కదా. అసలు కథ ఇక్కడే మొదలైంది.

కేసు అయ్యాక ఆమె లాయర్ల దగ్గరికి వెళ్లింది. తొమ్మిదేళ్లలో జరిగినవన్నీ వాళ్ల ముందు పెట్టింది. తన్నిన రాత్రి, నేలకేసి కొట్టిన రాత్రి, అన్నీ. క్రూరత్వం కింద తనకి విడాకులు దొరుకుతాయా అని అడిగింది. వాళ్లు చెప్పిన జవాబు రెండు ముక్కలు. ఒకటి, ఇంగ్లండులో భార్యకి క్రూరత్వం మీద దొరికేది విడిగా బతకడానికి అనుమతే. పెళ్లి పెళ్లిగానే ఉంటుంది. రెండోది నన్ను ఆపేసింది. ఆ అనుమతి కూడా ఆమెకి రాదన్నారు. ఎందుకంటే అన్ని దెబ్బలు తిన్నాక కూడా ఆమె తిరిగి ఆ ఇంటికి వెళ్లింది. వెళ్లడమంటే క్షమించడమే. క్షమించినదాని మీద ఫిర్యాదు చెల్లదు.

ఆ రోజుల్లో పెళ్లి తగాదాలు చూసేది చర్చి కోర్టులు. అక్కడ క్రూరత్వం అంటే ఏమిటో 1790లో ఎవాన్స్ కేసులో సర్ విలియం స్కాట్ అనే న్యాయమూర్తి ఓ గీత గీసిపెట్టాడు. ప్రాణానికో, అవయవానికో, ఆరోగ్యానికో ప్రమాదం ఉండాలి. మనసు గాయపడితే చాలదు, మాట పడితే చాలదు. ఆ గీత దాటేంత దెబ్బలు తగలాలి, అవి తగిలాక వెంటనే బయటికి రావాలి, వచ్చాక మళ్లీ వెళ్లకూడదు. కండోనేషన్ అని దానికి పేరు పెట్టారు. చూడటానికి న్యాయంగానే ఉంటుంది. మాఫీ చేసిన అప్పుని మళ్లీ అడగకూడదు కదా అన్నట్టు. కానీ దెబ్బలు తిన్న మనిషి తిరిగి వెళ్లడం వెనక ఏముంటుందో ఆ కోర్టులో కూర్చున్న పెద్దమనుషులకి తెలిసినట్టు లేదు. పిల్లలు ఆ ఇంట్లో ఉంటారు. చేతిలో డబ్బుండదు. అక్క, అన్న, తల్లి, పక్కింటివాళ్లు, అందరూ ఒక్కసారి చూద్దాం అంటారు. అతను ఏడుస్తాడు. ఇన్ని ఉండగా వెళ్లినదాన్ని క్షమాపణ అని రాసుకున్నారు.

ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాను. ఆ చలికాలం పొద్దున కారు వెనక సీట్లో బిడ్డని ఒళ్లో పెట్టుకుని, దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్న ఆ అమ్మాయి గుర్తొచ్చింది. ఆమె ఎవర్నీ క్షమించలేదు. మేం తీసుకెళ్లి దింపాం.

కరోలిన్‌కి పిల్లల మీద హక్కు ఏమీ లేదని అప్పుడే తెలిసింది. బిడ్డ ఎంత పసివాడైనా తండ్రిదే. తండ్రి ఎవరికి ఇస్తే వాళ్లదే. తల్లి ఏ తప్పూ చేయలేదని కోర్టులో తేలినా అంతే. ఇక్కడ ఆమె చేసిన పని నాకు ఎంతకీ ఆశ్చర్యం తగ్గదు. చట్టం లేదన్నారు కాబట్టి చట్టం చేయించడానికి కూర్చుంది. 1837లో పుస్తకం రాసి అచ్చువేయించి తెలిసినవాళ్లకి పంచింది. టాల్‌ఫర్డ్ అనే ఎంపీ బిల్లు పెట్టాడు. 1838లో ప్రభువుల సభ దాన్ని తిప్పికొట్టింది. ఆడదాని పేరు మీద వాదన రాస్తే చదవరని, మగ పేరు పెట్టుకుని ఇంకో పుస్తకం రాసింది. 1839లో బిల్లు నెగ్గింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తన దగ్గర ఉంచమని, అంతకన్నా పెద్దవాళ్లని చూడనివ్వమని తల్లి కోర్టుని అడగొచ్చు. వ్యభిచారం రుజువైన తల్లికి మాత్రం ఆ దారి లేదు. ఇంగ్లండు చట్టంలో పెళ్లయిన ఆడదానికి బిడ్డ మీద ఓ హక్కంటూ రాసింది అదే మొదలు.

ఆమె పిల్లలు స్కాట్‌లాండులో ఉన్నారు. ఆ చట్టం అక్కడ చెల్లదు. జార్జ్ లాయరు కదా, ఆ మాత్రం తెలుసు.

1842 సెప్టెంబరులో చిన్నవాడు విలియం యార్క్‌షైర్‌లో గుర్రపుపిల్ల మీద నుంచి పడ్డాడు. చిన్న దెబ్బే, పట్టించుకోలేదు. ఒళ్లంతా విషం ఎక్కింది. తల్లికి కబురు పెట్టారు. ఆమె చేరేసరికి పిల్లవాడు చనిపోయి ఉన్నాడు. తొమ్మిదేళ్లు. ఆ తర్వాత జార్జ్ మెత్తబడి మిగిలిన ఇద్దర్నీ తల్లి దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు. దీని గురించి ఇంతకన్నా రాయలేను.

డబ్బు గొడవ పొట్టిగా చెప్తాను. 1848లో అతనికి ఓ ఆస్తి మీద అప్పు తెచ్చుకోవడానికి ఆమె సంతకం కావాల్సి వచ్చింది. బదులుగా ఏడాదికి ఐదువందల పౌన్లు ఇస్తానని కాగితం రాసిచ్చాడు. 1851లో ఆమె తల్లి చనిపోతూ కూతురికి కొంత ఆదాయం రాసింది. ఇంకేం, నీకు ఆదాయం ఉందిగా అని ఇతను ఇవ్వడం ఆపేశాడు. బగ్గీ తయారుచేసినవాళ్లు బాకీ కోసం 1853లో అతని మీద దావా వేస్తే, భార్యతో రాసుకున్న కాగితం చట్టంలో చెల్లదని కోర్టులో నిలబడి చెప్పాడు. మొగుడూ పెళ్లాం చట్టానికి ఒకే మనిషి, ఒకే మనిషి తనతో తనే ఒప్పందం ఎలా రాసుకుంటాడని తర్కం. కేసు అతనికే అనుకూలంగా పోయింది. పైగా ఆమె పుస్తకాల మీద ఎంత వస్తోందో లెక్కలు బయటికి లాగాడు. ఆమె రాసిన పుస్తకాల డబ్బు కూడా తనదే మరి.

ఆమె మళ్లీ కలం పట్టింది. 1854లో ఒకటి, 1855లో విక్టోరియా రాణికి బహిరంగ లేఖగా మరొకటి. అప్పటిదాకా ఇంగ్లండులో పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో మీ ఒక్కరి కోసం ప్రత్యేక చట్టం చేయించుకోవాలి. సుమారు రెండు శతాబ్దాల్లో అలా తెచ్చుకున్నవాళ్లు మూడు వందల పైచిలుకు. అందులో ఆడవాళ్లు నలుగురంటే నలుగురు. 1857లో కొత్త చట్టం వచ్చి, విడాకులని కోర్టు చేతికి ఇచ్చింది. భర్త వదిలేసిన భార్య సంపాదన ఆమెదేనని, ఆమె తన పేరు మీద దావా వేసుకోవచ్చని అందులో కలిసిన నియమాల వెనక కరోలిన్ రాతల ప్రభావం ఉందని చరిత్రకారులు చెప్తారు.

అయినా ఆ చట్టంలో దెబ్బలకి దక్కిన చోటు చూడండి. భార్య తప్పు చేసిందని రుజువైతే చాలు, భర్తకి విడాకులు. భార్యకైతే భర్త వ్యభిచారం ఒక్కటీ చాలదు, దానితో పాటు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేయడమో ఇంకోటేదో ఉండాలి. ఒట్టి క్రూరత్వం అసలే చాలదు. అంటే మొగుడు కొడుతూ మరొకరి దగ్గరికి కూడా వెళ్తుంటే విడిపోవచ్చు. పతివ్రతుడిగా ఉంటూ కొడితే పడి ఉండాలి. ఏ చట్టం కోసం కరోలిన్ అంత రాసిందో అది కూడా ఆమెని విడిపించలేదు.

ఈ చట్టమే మన ఊళ్లకి ఓడెక్కి వచ్చింది. 1869లో ఇండియాలో క్రైస్తవుల విడాకుల చట్టం చేసినప్పుడు ఈ అచ్చునే దింపారు. గుంటూరులోనో, మెదక్‌లోనో ఓ క్రైస్తవ ఇల్లాలు మొగుడు కొడుతున్నాడని విడాకులు అడిగితే, అతనికి వేరే సంబంధం ఉందని కూడా చూపించమంది ఆ చట్టం. దాన్ని పార్లమెంటు సవరించింది 2001లో. హిందువులకి 1955 చట్టంలో కూడా క్రూరత్వం విడిగా ఉండటానికే కారణం, విడాకులకి కారణమైంది 1976 సవరణతో. కండోనేషన్ మాత్రం పోలేదు. క్రూరత్వం మీద వచ్చినవాళ్లు దాన్ని ఏ రకంగానూ క్షమించి ఉండకూడదన్న నియమం హిందూ వివాహ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. మళ్లీ కొడితే పాత దెబ్బలు కూడా లెక్కలోకి వస్తాయని కోర్టులు చెప్పాయి, అది వేరే సంగతి. మళ్లీ కొట్టేదాకా ఆగాలన్నమాట.

ఇంగ్లండులో దెబ్బలు తిన్న భార్య విడిగా ఉండటానికి మేజిస్ట్రేటు అనుమతి ఇవ్వొచ్చన్న చట్టం 1878లో వచ్చింది, అదీ భర్తకి తీవ్రమైన దాడి కేసులో శిక్ష పడితేనే. క్రూరత్వం ఒక్కటే విడాకులకి చాలునన్న మాట 1937కి గానీ రాలేదు. కరోలిన్ మొదటి తన్ను తిన్నాక నూట పదేళ్లకి. 2022 ఏప్రిల్ 6 నుంచి ఇక్కడ ఏ కారణమూ చెప్పక్కర్లేదు. కాపురం నిలబడదని ఒకరు రాసిస్తే కోర్టు ఎందుకని అడగదు.

మా అమ్మాయి విడాకులు ఆ కొత్త పద్ధతిలోనే, చప్పుడు లేకుండా అయిపోయాయి. మేం దింపివచ్చిన ఏడాదిన్నరకి ఆమె మళ్లీ బయటికి వచ్చింది. ఈసారి మా తలుపు కొట్టలేదు. ఎందుకు కొడుతుంది? కౌన్సిల్ వాళ్లు చూపించిన చోట కొన్నాళ్లు ఉందని తర్వాత తెలిసింది. అప్పుడు ఆమె లాయరు ద్వారా మమ్మల్ని ఒక్కటే అడిగింది. ఆ రాత్రి మీ ఇంటికి వచ్చినట్టు, ముఖం మీద మచ్చ చూసినట్టు రెండు ముక్కలు రాసివ్వమని. మావారు రెండు కుటుంబాలూ తెలిసినవాళ్లే, మనకెందుకన్నారు. నేనూ మనకెందుకులే అనుకున్నాను. జవాబు రాయలేదు.

విడాకులకి కారణం అక్కర్లేకపోయినా, బిడ్డ ఎవరి దగ్గర, ఎలా అన్న విచారణలో ఇంట్లో ఏం జరిగిందన్నది కావాలి. అక్కడ అవతలి పక్షం అడిగిన ప్రశ్న మాకు తర్వాత చేరింది. అంత కొడితే మర్నాడు పొద్దున్నే ఎందుకు తిరిగి వెళ్లావని. 1836లో కరోలిన్‌ని ఆపిన ప్రశ్న అదే. చట్టాల పుస్తకాల్లో ఎన్ని మార్చినా అడిగేవాళ్ల నోట్లో అది అలాగే ఉంది.

కరోలిన్ ఆడా మగా సమానమని ఎప్పుడూ అనలేదు. పైగా మగవాడే గొప్పని తను నమ్ముతున్నట్టు రాసుకుంది, హక్కుల సంఘాల వైపు చూడలేదు. ఈ కాలంవాళ్లకి ఇది నచ్చదు. నాకు మాత్రం ఆమె ఎక్కడో తెలిసిన మనిషిలా అనిపిస్తుంది. నాలాంటి మామూలు ఆలోచనలున్న మనిషే. తన పిల్లల్ని లాక్కుంటే చట్టం చదవడం నేర్చుకుంది.

ఆమెకి విడాకులు రాలేదు. చెస్టర్‌ఫీల్డ్ స్ట్రీట్ ఇంట్లో 1845 నుంచి ఉంది. పెద్దకొడుకు ఫ్లెచర్ 1859లో క్షయతో పోయాడు. పార్లమెంటు కొత్త భవనంలో ప్రభువుల సభ గోడ మీద డానియల్ మక్లీస్ అనే చిత్రకారుడు న్యాయదేవతని వేస్తే, ఆ బొమ్మకి నమూనాగా నిలబడింది కరోలినే. ఆమె బిల్లుని తిప్పికొట్టిన సభే అది. ఇప్పటికీ ఆ బొమ్మ అక్కడే ఉంది. జార్జ్ 1875 ఫిబ్రవరిలో చనిపోయాడు. అప్పుడు గానీ పెళ్లి తెగలేదు, నలభై ఏడేళ్లకి. 1877 మార్చి 1న, ఎన్నాళ్లుగానో స్నేహితుడైన సర్ విలియం స్టర్లింగ్ మాక్స్‌వెల్‌ని పెళ్లి చేసుకుంది. జూన్ 15న పోయింది.

నేను ఆ ఫలకం ముందు పది నిమిషాలు నిలబడ్డాను. పక్కింటి ముందు ఎవరో కారులో సామాను సర్దుకుంటున్నారు. తిరిగి రైలెక్కి, ఇంటికొచ్చి, మావారికి చెప్పి, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. బిడ్డ విచారణ అప్పటికి ఇంకా సాగుతోంది. ఆమె లాయరుకి ఆలస్యమైందని క్షమాపణ చెప్పి రాయడం మొదలుపెట్టాను. తేదీ, టైము, కోటు లేదని, కంటి కింద మచ్చ ఎంత ఉందని. అతను ఫోన్‌లో ఏమని ఒప్పుకున్నాడని. చివర్లో, మర్నాడు ఆమె తనంతట తాను వెళ్లలేదని, వెళ్లనని రెండుసార్లు చెప్పినా మేమే ఒప్పించి మా కారులో దింపి వచ్చామని కూడా రాశాను. మావారు ఆ వాక్యం అవసరమా అన్నారు. కాసేపటికి ఆయనే కుర్చీ లాక్కుని కూర్చుని, కింద తన సంతకం కూడా పెట్టారు.